ఇంటి చుట్టూ మంద

ఫాల్గుణం పడిందంటే చాలు, వికారాబాద్‌లో మూడో అంతస్తులో ఉన్న మా ఫ్లాటు బాల్కనీలోకి, అక్కడ ఆరేసిన దుప్పట్లలోకి, నేను మూత పెట్టడం మరిచిపోయిన పాలగిన్నెలోకి కూడా అనంతగిరి వైపు నుంచి కాలిన గడ్డి వాసన వచ్చి చేరుతుంది. మాడిన జొన్నరొట్టె అంచులా కొంచెం చేదుగా, కొంచెం తియ్యగా ఉంటుంది. ఆ వాసన తగలగానే అపార్టుమెంటులో అందరూ కిటికీలు మూసుకుంటారు, నేను మాత్రం కుర్చీ లాక్కుని బాల్కనీలో కూర్చుంటాను. పొగ పీల్చడం మంచిది కాదని నాకూ తెలుసు. డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, ఆ మాత్రం ఒకరు చెప్పనక్కర్లేదు.

ఈ ఏడు అలాగే కూర్చున్నప్పుడు, పక్క ఫ్లాటు ఆవిడ తన కిటికీ మూయబోతూ ఆగి, కొండ మీది పొగ వైపు చెయ్యి చూపించింది.

"గీ గొర్లోళ్లే పెడ్తరు మేడం. కొత్త గడ్డి మొలుస్తదని అడివంత కాలవెడ్తరు."

"పెట్టంగ మీరు సూసిన్రా?"

"అందరంటరు గదా."

"అందరంటే అయిపాయెనా? మొన్న ఆదివారం కొండ మీద కోడిని కాల్చుకొని, బొగ్గులు గట్లనే ఇడిచిపెట్టొచ్చింది మీ అల్లుడు గాదా? ఫోటోలు మీరే చూపిస్తిరి."

ఆ తర్వాత ఆవిడ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నాకు పెద్దగా లోటనిపించలేదు.

కొత్త చిగురు కోసం గడ్డి అంటించే కాపరులు లేరని నేను అనను. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద శుభ్రం కావాలని అంటించేవాళ్లున్నారు, బీడీ ముట్టించుకుని పుల్ల ఎటు పడిందో చూడనివాళ్లూ ఉన్నారు. కానీ గొర్రెల వల్లే కాలకుండా నిలిచిన ఇల్లు ఒకటుంది, నేను అందులో పుట్టాను. ఆ సంగతి కూడా చెబితే తప్ప నా వాదన పూర్తి కాదు.

వికారాబాద్ నుంచి తాండూరు పోయే రైలు కూత వినపడేంత దూరంలో, కొండ అడుగున, ఊరికి చిట్టచివర ఉండేది మా ఇల్లు. గొర్లు కాసే కుటుంబం మాది. రాళ్లూ ఎర్రమట్టీ కలిపి లేపిన గోడలు, వాటి మీద మనిషి నిలబడితే మోకాలి దాకా దిగిపోయేంత మందంగా బోదగడ్డి కప్పు, ముందు వాకిట్లో తాండూరు గనుల్లో అంచులు విరిగి ఎవరూ కొనక పడేసిన నాపబండల ముక్కలను మా తాత ఎప్పుడో బండిలో తెచ్చి పరిచిన పరుపు. చలికాలం పొద్దున ఆ బండల మీద కూర్చుంటే ఒళ్లు జివ్వుమనేది, ఎండాకాలం సాయంత్రం నీళ్లు చల్లితే వాటి నుంచి వేడి ఆవిరి, దాంతో పాటు ఒక మట్టివాసన లేచేవి, మేం అచ్చనగండ్లు ఆడీ ఆడీ ఒక బండ మధ్యలో నున్నగా అరిగిపోయింది. వెనక వైపు ఇంటి గోడకే ఆనించి, ఇంటి కప్పుకే తన కప్పు కలిపి, గొర్రెపిల్లల కోసం కట్టిన చిన్న కొట్టం. తల్లులు మేతకు పోయి వచ్చేదాకా పిల్లలు అందులోనే. దాని వెనక ఇక ఇల్లూ లేదు, పొలమూ లేదు, కొండే.

సంక్రాంతి దాటి కందులు ఇంటికి చేరేసరికి ఆ కొండ రంగు మారిపోయేది. మేం పచ్చి కందికాయలు ఉప్పేసి ఉడకబెట్టిన కుండ చుట్టూ చేరి, వేళ్లు కాల్చుకుంటూ ఒలుచుకు తింటూ, రేగుపండ్ల గింజలు ఒకళ్ల మీద ఒకళ్లం ఉమ్ముకుంటూ ఉండగానే, అక్కడ సీతాఫలం చెట్లు ఆకు రాల్చేవి, గడ్డి ముందు పసుపెక్కి తర్వాత తెల్లబడి గాలికి గలగలమనేది, మోదుగులు ఒక్క ఆకైనా లేకుండా నిలువెల్లా ఎర్రగా పూసేవి. ఆ పూలు ఉడకబెట్టి రంగు చేసుకోవాలని మేం తట్టలు వెతుక్కుంటుంటే, మా నాన్నమ్మ మాత్రం వాకిట్లో నిలబడి, నడుం మీద చేతులు పెట్టుకుని, కొండను శత్రువును చూసినట్టు చూసేది. ఇంట్లో పెద్దా చిన్నా అందరం ఆమెను అవ్వ అనే పిలిచేవాళ్లం. ఆమెకు చుట్ట తాగే అలవాటుండేది. మిగతా పదినెలలూ చుట్టపీకను ఎక్కడ పడితే అక్కడ గోడకు రాసి ఆర్పే మనిషి, ఆ రెండు నెలలు మాత్రం పక్కన ముంతలో నీళ్లు పెట్టుకుని కూర్చుని, పీకను అందులో ముంచి, అది చుయ్యిమన్న తర్వాత కూడా వేళ్లతో నలిపి చూసుకునేది.

అవ్వ చెప్పే పనులకు అంతుండేది కాదు. గోడకు ఆనించి పేర్చిన పొయ్యికట్టెలన్నీ మోసుకెళ్లి ఈవలి వైపు వేపచెట్టు దాకా చేర్చాలి. కప్పు మీద గాలికి వచ్చి ఇరుక్కున్న ఎండుటాకులను పొడుగు కట్టెతో దులపాలి, చూరుకు వేలాడే పాత గడ్డిని కత్తిరించాలి. పొయ్యి బూడిదను నీళ్లు పోయకుండా పెంటకుప్ప మీద పారబోస్తే మా అమ్మకైనా తిట్లు తప్పేవి కావు. గొంగళ్లన్నీ మడిచి గోలెం పక్కనే ఉంచాలి, గోలెం నిండా నీళ్లుండాలి. కామునిపున్నమ ముందు జాజిరి పాటలు పాడుతూ వచ్చే పిల్లలు కాముడి మంట కోసం అందరి ఇళ్లలోనూ కట్టెలూ పిడకలూ దొంగిలించేవాళ్లు, అది వాళ్ల హక్కు. మా అవ్వ మాత్రం వాళ్లకు ఎదురుపోయి, పెరట్లో ఎండిన కందికట్టె మొత్తం చూపించి, "దొంగతనమెందుకురా, దోసుకపోండ్రి, ఒక్క పుల్ల మిగిలినా మీ వీపులు పగుల్తయి" అనేది. బతిమాలి ఇస్తుంటే దొంగిలించడంలో మజా ఏముంటుంది, సగం మంది మూతులు ముడుచుకుని వెళ్లిపోయేవాళ్లు.

వీటన్నింటికంటే పెద్ద పని మందది. మిగతా కాపరులందరూ ఆ నెలల్లో మందను రైతుల చేలలో పెడతారు. గొర్రెలు రాత్రంతా చేనులో పడుకుంటే ఎరువు పడుతుంది, రైతు జొన్నలిస్తాడు. మా అవ్వ కట్టడి వేరు. ముందు మా ఇంటి చుట్టూ తిరగాలి, ఆ తర్వాతే ఏ చేను అయినా. ఒక మంచిరోజు చూసి, మా దేవుడు బీరప్ప పసుపు బండారి కొంచెం కొండ వైపు చల్లి, ఇంటి వెనక మొదటి చోట కంపతో చుట్టూ దడి కట్టించేది. గొర్రెలు అందులో ఉన్న గడ్డి కొరికి, మొదళ్లు కూడా కొరికి, గిట్టలతో తొక్కి తొక్కి నేలను గుండు చేసినట్టు చేసేవి. మర్నాడు దడి పీకి పక్క చోటికి. అలా జరుపుకుంటూ జరుపుకుంటూ ఇంటి చుట్టూ వెడల్పాటి బోడినేల ఒక చుట్టులాగా ఏర్పడేది. కొండ మీది గడ్డి ఎంత ఎత్తు పెరిగినా ఆ చుట్టు దగ్గరికి వచ్చి ఆగిపోవాల్సిందే.

మందను చూసుకునేది మా చిన్నాయన. నాన్న తాండూరులో బండల పాలిషు పనికి పోయి వారానికోసారి వచ్చేవాడు కాబట్టి ఇంట్లో అవ్వతో తగవు పడే బాధ్యత కూడా చిన్నాయనదే. ఆ ఏడు వానలు దండిగా పడ్డాయి. కొండ మీద గడ్డి నా నెత్తిని దాటింది. అది చూసి అవ్వ ఎప్పటికంటే ఎక్కువ రోజులు మందను ఇంటి దగ్గరే ఆపింది, ఒకసారి తిరిగిన చుట్టునే మళ్లీ తిప్పించింది. చిన్నాయనకు ఓపిక పోయింది.

"నవాబుపేట పటేలు మనిషి మీద మనిషిని తోలుతున్నడే అవ్వా. ఆయన చేన్ల మంద వెడితే మనకు జొన్నలకు ఫికరుండది."

"జొన్నలు యాడ పోస్తవురా? ఇల్లు కాలినంక నీ నెత్తి మీద పోస్తవా?"

"ప్రతి ఏడు కాల్తది కాల్తదంటవ్. ఎన్నడన్న కాలెనా?"

"కాలలేదంటే ఎవల పున్నెం? నా గొర్ల పున్నెం. నోర్మూసుకొని దడి కట్టు."

చిన్నాయన దడి కట్టాడు, కానీ ఆ పదిహేను రోజులూ అవ్వ వడ్డిస్తే తినలేదు, మా అమ్మ వడ్డిస్తేనే తిన్నాడు. చుట్టు నేల మాత్రం మాకు భలేగా తయారైంది. గొర్రె పెంటికలు, తొక్కిన గడ్డి కలిసి జానెడు మందాన పేరుకుని, ఎండి, పరుపులాగా మెత్తగా ఉండేది, మేం దాని మీద పిల్లిమొగ్గలు వేసేవాళ్లం. అంతకుముందు ఏ ఏడూ ఒక చోట మంద రెండుసార్లు పడుకోలేదు కాబట్టి అంత మందం మేం ఎరగం. దాని గురించి ఎవరూ ఆలోచించలేదు, అవ్వ కూడా.

కామునిపున్నమ అయిన వారానికే నిప్పు రానే వచ్చింది. మధ్యాహ్నం కొండ అవతల నుంచి పొగ లేచి, సూర్యుడు ఎర్రగా కాలిన పోలెలాగా, బొబ్బట్టులాగా అయిపోయాడు, తీతువులూ కౌజులూ గుంపులుగా మా ఇంటి మీదుగా ఊళ్లోకి ఎగిరిపోయాయి. తర్వాత చప్పుడు మొదలైంది. ఎండిన వెదురు మీద బండి ఎక్కినట్టు పటపట, మధ్యలో ఒక్కో టేకుచెట్టు ఫెళ్లుమనడం. అవ్వ గొంగళ్లను గోలెంలో ముంచి ముంచి తీస్తుంటే, నీళ్లు పీల్చిన గొంగడి ఒక్కొక్కటి గొర్రె అంత బరువై, మూడు నెలల మురికివాసనతో పాటు గొర్రెవాసన కూడా గుప్పుమంటుంటే, చిన్నాయన వాటిని భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కి కప్పు మీద కొండ వైపు అంచంతా పరిచాడు. గొంగడి నూలుబట్టలాగా భగ్గుమనదు, నిప్పురవ్వ పడితే మాడి కంపు కొట్టి ఊరుకుంటుంది. అమ్మా నేనూ పచ్చి వేపకొమ్మలు పట్టుకుని పెరట్లో పడే రవ్వలను కొడుతూ తిరిగాం. నాకు భయం వేసిందని చెబితే అబద్ధం, అంతటి సంబరం నేను అంతవరకు చూడలేదు. మంట దిగి వచ్చి, నా నెత్తిని దాటిన గడ్డిని నమిలేసి, మా చుట్టు దగ్గరికి వచ్చి, కొరకడానికి ఏమీ దొరక్క అటూ ఇటూ వెతికి, చీకటి పడకముందే చప్పబడిపోయింది.

అవ్వ గెలుపు మామూలుగా లేదు. మర్నాడు కందిపప్పు ఉడకబెట్టి, బెల్లం దంచి, పండుగ మళ్లీ వచ్చినట్టు పోలెలు చేయించింది. చిన్నాయన కంచంలో తనే వేసింది.

"తిను బిడ్డా. పటేలు జొన్నలతోని చేసిన పోలెలు గాదుగని, తిను."

చిన్నాయన నవ్వు ఆపుకోలేక ఇంకొకటి అడిగాడు. ఊళ్లోవాళ్లు వచ్చి నల్లగా కాలిన కొండనూ, తెల్లగా మిగిలిన మా చుట్టునూ చూసి వెళ్తుంటే అవ్వ ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్పేది, చెప్పిన ప్రతిసారీ మంట ఇంకో మూరెడు ఎత్తు పెరిగేది.

రెండు మూడు రోజులు గడిచాయి. ఇంట్లో ఇంకా కాలిన వాసన వస్తూనే ఉంది, కొండంతా కాలింది కదా, రాక చస్తుందా అనుకున్నాం. ఒక రోజు, పొద్దు ఇంకా పొడవకముందే, గొర్రెపిల్లలను వదలడానికి కొట్టంలోకి వెళ్లాను. ఎప్పుడూ తలుపు తీయగానే నా మీదికి దూకే పిల్లలు ఆరోజు కదల్లేదు, అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఇంటి గోడ వైపు మూలకు ముడుచుకున్నాయి. అవతలి మూల ఖాళీగా ఉంది. వెనక ఏ కుక్కో తోడేలో వచ్చిందేమోనని బయటికి వచ్చి కొట్టం చుట్టూ తిరిగాను. ఆ మూల బయట అరికాలు చురుక్కుమంది.

"అవ్వా, ఈడ నేల కాల్తున్నది."

"ఎండకు కాలక సల్లగుంటదా?"

"పొద్దే పొడవలేదు, ఎండ యాడిది?"

"దీని నోరు పాడుగాను. మూడొద్దుల సంది కొండ కాలింది, మంట ఇన్ని మూరలు లేసింది అని ఊర్లోల్లకు చెప్పి చెప్పి ఇంక నీకు కలల గూడ అదే. గొర్రె తొక్కిన నేల కాలిందని ఎవలన్న చెప్పిన్రా ఎన్నడన్న?"

ఊళ్లోవాళ్లకు చెప్పింది తను, పేరు నాది. నేను ఊరుకోలేదు. ఆమె చెయ్యి పట్టుకుని, గుంజుకొచ్చి, ఆ నేల మీద పెట్టించాను. అవ్వ చెయ్యి పెట్టిన క్షణమే తీసింది. పార తెమ్మని చిన్నాయనను కేకేసింది. నన్ను తిట్టడం కూడా మరిచిపోయింది, నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

చిన్నాయన వచ్చి పారతో పైన ఇంత గీకాడు. కింద ఎర్రగా, పొగ కూడా లేకుండా, పొయ్యిలో నివురు కింది బొగ్గులాగా పెంటికల పొర కణకణమంటోంది. మంటరోజు ఎగిరి వచ్చిన ఏ రవ్వో ఆ మెత్తటి పరుపులో దూరి, పైకి ఏమీ తెలియనీయకుండా లోపల్లోపలే పాకుతూ, కొట్టం మూలగుంజ దాకా వచ్చేసింది. ఏ చుట్టు మంటను ఆపిందో ఆ చుట్టే నిప్పును ఇంటికి మోసుకొచ్చింది. గాలి తగలగానే ఎర్రదనం పైకి లేచింది, మేం చూస్తుండగానే గుంజ అంటుకుంది, గుంజ నుంచి కొట్టం చూరుకు ఒక నాలుక ఎగబాకింది. కొట్టం కప్పు ఇంటి కప్పుకే అతుక్కుని ఉంది. అక్కడి నుంచి ఇంటికి ఇక అడ్డమేమీ లేదు.

అమ్మ రెండు చంకల్లో రెండు పిల్లలు, నేను ఒకటి, మళ్లీ పరుగున వచ్చి ఇంకొకటి, అవి అరుస్తూ తన్నుతూ ఉంటే వాకిట్లో నాపబండల మీద వదిలి, మళ్లీ వెనక్కి రాకుండా తడిక అడ్డం పెట్టాం. చిన్నాయన గోలెం నుంచి బిందెలతో నీళ్లు తెచ్చి గుంజ మీద పోస్తున్నాడు, నీళ్లు చూరు దాకా అందక నేలలో ఇంకిపోతున్నాయి.

"నీళ్లు ఇడ్సిపెట్టు," అవ్వ అరిచింది. "గా కొట్టం కప్పు పీకు. ఇంటికెల్లి తెంపు దాన్ని."

"నువ్వు కట్టుకున్న కొట్టమే అవ్వా..."

"కొట్టం పోనీ. ఇల్లు నిల్వాలె. పీకు!"

అవ్వ తనే కొడవలి పట్టుకుని, ఇంటి చూరుకూ కొట్టం చూరుకూ మధ్య తను తాటినారతో బిగించిన కట్లన్నీ ఒక్కొక్కటే కోసింది. చిన్నాయన పొడుగు కొక్కెంతో గుంజాడు. గడ్డి, వాసాలు, ఏళ్ల నాటి పిచ్చుకగూళ్లు, దుమ్ము అన్నీ కలిసి ఒక్కసారిగా అవతలికి కూలి అక్కడే భగ్గుమన్నాయి. అమ్మ తడిగొంగడి ఒకటి ఇంటి చూరు మీదికి విసిరింది. తర్వాత చిన్నాయన పారతో ఇంటి గోడకూ నిప్పుకూ మధ్య కాలువ తవ్వాడు, పెంటికల పొర దాటి, దాని కింది మట్టి దాటి, ఎర్రటి మొరం తేలేదాకా తవ్వితే తప్ప అవ్వ ఆపనివ్వలేదు. ఊళ్లోంచి జనం వచ్చి తట్టలతో ఆ పొర మొత్తం ఎత్తి, నీళ్లు చల్లి, దూరంగా పోశారు. పొద్దెక్కేసరికి కొట్టం లేదు. ఇల్లుంది. చూరు ఒక మూల నల్లబడింది, అంతే. గొర్రెపిల్లలు వాకిట్లో బండల మీద జారుతూ, లేస్తూ, అప్పుడే ఆట మొదలెట్టాయి.

అవ్వ తప్పు ఒప్పుకుంటుందని మీరు ఎదురుచూస్తున్నట్టయితే మా అవ్వ మీకింకా అర్థం కాలేదు. మరుసటి ఏడు మంద ఇంటి వెనక మొదటి చోట పడుకుని లేచిన పొద్దున, చీపుర్లూ తట్టలూ తెచ్చి మా ముందు పడేసి, "మంద లేసినంక నేల ఊడ్వాలని తెల్వదా? ఎన్నిసార్లు చెప్పాలె?" అంది. అంతకుముందు ఒక్కసారి కూడా చెప్పలేదు. నేను నోరు తెరవబోతే అమ్మ నా కాలు తొక్కింది. ఊడ్చిన ఎరువంతా చిన్నాయన బండికెత్తి నవాబుపేట పటేలు చేనుకు తోలాడు, జొన్నలు వచ్చాయి, ఇంటి చుట్టూ మొరం అద్దంలా తేలింది. కొత్త కొట్టం ఇంటికి దూరంగా, వేపచెట్టు అవతల కట్టారు. ఆ తర్వాత అవ్వ బతికున్నన్నాళ్లూ చిన్నాయన మంద గురించి ఎదురు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది, అందుకేనేమో ఆ ఎండాకాలాలన్నీ నాకు కలిసిపోయి ఒకే తీరిక మధ్యాహ్నంలా గుర్తున్నాయి. తునికిపండ్ల బంక వేళ్లకు అంటుకుని ఉండేది, మొర్రిపండ్లకు నాలుక గీరుకుపోయేది, గోలెం పక్కన గొంగళ్ల మీద పడుకుని మేం కొండను చూస్తుండేవాళ్లం.

మొన్న అక్కడికి వెళ్లాను. ఇప్పుడు ఆ ఇంట్లో చిన్నాయన కొడుకు, కోడలు అనిత ఉంటారు. పక్క ఫ్లాటు ఆవిడ మీద కోపం ఇంకా తీరలేదేమో, వీళ్లింటి చుట్టూ గడ్డి ఉంటే దులిపేద్దామని దారంతా మాటలు కూర్చుకుంటూ పోయాను. నా ఆశ నెరవేరలేదు. గడ్డికప్పు పోయి స్లాబు వచ్చింది. అనిత మిషనుతో ఇంటి చుట్టూ గడ్డి కోయించి, ఊడ్పించి, బోరు నుంచి పైపు కొండ వైపు దాకా లాగి పెట్టింది. గ్యాసు సిలిండరు కూడా కొండ వైపు గోడకు దూరంగా ఉంది. నేను ఇల్లంతా ఒక చుట్టు తిరిగి, వెనక్కి వచ్చాను.

"ఏమన్న తప్పున్నదా వదినా?" అంది అనిత, నవ్వుతూ. నా పేరు ఊళ్లో బాగానే పాకింది మరి.

"ఏం లేదు. చాయ్ పెట్టు."

అవ్వ పోయాక గొర్రెలను కాసేవాళ్లు లేక చిన్నాయన మంద అమ్మేశాడు. ఇల్లు అప్పటికంటే గట్టిగా ఉంది, దానికి నాకు సంతోషమే. చాయ్ తాగి, చీకటి పడేదాకా వాకిట్లో కూర్చున్నాను. కొండ నిశ్శబ్దంగా ఉంది. చిన్నప్పుడు ఆ వేళకు, ఇంటి పక్కనే దడిలో పడుకున్న గొర్రెలు నెమరువేస్తుంటే, సన్నటి వాన ఆగకుండా కురుస్తున్నట్టు ఒక చప్పుడు వచ్చేది. వాన కాదని తెలిసినా రోజూ ఆ వాన కిందే నిద్రపోయేవాళ్లం. అనితకు దాని గురించి చెబుదామనుకున్నాను. చెబితే ఎలా ఉంటుందో చేసి చూపించమంటుంది, అది నా నోటికి రాదు.